శ్రీలంకలో కొండలు, అడవులు, సముద్రం: గాలి చూసి నెల, గడియారం చూసి అడుగు

శ్రీలంక వెళ్లొచ్చిన మనవాళ్లలో ఒకరు "స్వర్గం" అంటారు, ఇంకొకరు "వారమంతా గొడుగు కిందే గడిపాం" అంటారు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు. తేడా వాళ్లు వెళ్లిన నెలలోనూ, వెళ్లిన తీరంలోనూ ఉంది. మూడుసార్లు ఆ దేశం వెళ్లి, మొదటిసారి దాదాపు అన్నీ తప్పు వేళకు చేసి నేర్చుకున్న సంగతులు ఇక్కడ వరసగా రాస్తున్నాను. గుడులు, షాపింగ్ ఇందులో లేవు. కొండ ఎక్కడం, అడవిలో నడవడం, జంతువుల్ని చూడటం, సముద్రం మీదికి వెళ్లడం, అంతే.

1. ముందు గాలి, తర్వాతే తేదీలు

మనకున్న రెండు రుతుపవనాలే వాళ్లకూ ఉన్నాయి. మే నుంచి సెప్టెంబరు దాకా నైరుతి. అప్పుడు కొలంబో, గాలే, మిరిస్స ఉన్న పడమర, దక్షిణ తీరాలు, కొండల పడమటి వాలు తడిసిపోతాయి. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఈశాన్యం. అప్పుడు వంతు త్రింకోమలి, అరుగం బే ఉన్న తూర్పు తీరానిది. మధ్యలో ఉన్న కొండలు గాలిని అడ్డుకుంటాయి కాబట్టి ఒక వైపు కుండపోత పడుతుంటే ఇంకో వైపు ఎండ కాస్తుంది. అక్టోబరు, నవంబరుల్లో మాత్రం ఎటు వెళ్లినా వానే, తుఫాన్ల భయం కూడా అప్పుడే.

కాబట్టి లెక్క తేలిక. డిసెంబరు చివరి నుంచి ఏప్రిల్ మొదటి వారాల దాకా సెలవు దొరికితే కొండలు, దక్షిణ తీరం. వేసవి సెలవులు దాటి జూన్ నుంచి సెప్టెంబరు మధ్యలో వెళ్తే తూర్పు, ఉత్తర మధ్య ప్రాంతం. ఒకే యాత్రలో రెండు తీరాలూ చూడాలనుకోవద్దు. దేశం చిన్నదే, 65,610 చదరపు కిలోమీటర్లు, మన తెలంగాణలో సగం కన్నా కాస్త ఎక్కువ. కానీ రోడ్లు చూసి దూరం కొలవాలి. కొలంబో నుంచి కొండల్లో ఉన్న ఎల్ల దాకా రెండు వందల కిలోమీటర్లే అయినా కారులో అయిదారు గంటలు పడుతుంది. మొదటిసారి నేను గూగుల్ మ్యాప్ మీద వేలు పెట్టి రోజుకో ఊరు చొప్పున రాసుకున్నాను. ఎక్కువ భాగం కారు కిటికీలోంచే చూశాను.

2. దారి గీసుకోండి

ఫిబ్రవరిలో పది రోజులున్నాయి అనుకుందాం. నాకు బాగా కుదిరిన వరస ఇది. కటునాయక విమానాశ్రయంలో దిగి నేరుగా కితుల్‌గల. కెలణి నదిలో రాఫ్టింగ్ అక్కడే. ఈత రాని వాళ్లు కూడా లైఫ్ జాకెట్, హెల్మెట్ పెట్టుకుని చేయగలిగినంత తేలిక. ఒక రాత్రి చాలు. అక్కడి నుంచి నల్లతణ్ణి ఊరు, రెండు రాత్రులు, శ్రీపాద కొండ కోసం. తర్వాత నువర ఎలియలో రెండు రాత్రులు, హార్టన్ ప్లెయిన్స్ అనే ఎత్తైన పచ్చిక మైదానం కోసం. రైలెక్కి ఎల్ల. కిందికి దిగి ఏనుగుల కోసం ఉడవలవె. అక్కడి నుంచి దెనియాయ మీదుగా సింహరాజ అడవి. చివర తిమింగలాల కోసం మిరిస్స. తిరుగు దారి ఎక్స్‌ప్రెస్‌వే మీద తొందరగా అయిపోతుంది.

జులై, ఆగస్టులైతే ఇదంతా పక్కన పెట్టండి. సిగిరియ రాతికోట పక్కనే ఉన్న పిదురంగల కొండ మీద సూర్యోదయం, మిన్నేరియ చెరువు దగ్గర ఏనుగుల గుంపులు, నిలావెలి ఒడ్డున పావురాల దీవి, అరుగం బేలో సర్ఫింగ్. ఎండలకు మిన్నేరియ చెరువు వెనక్కి తగ్గితే అడుగున లేత గడ్డి మొలుస్తుంది. దానికోసం చుట్టుపక్కల అడవుల్లోని ఏనుగులు వందల్లో అక్కడికి చేరతాయి. ఆగస్టు, సెప్టెంబరుల్లో ఆ ఒక్కటి చూడటానికైనా వెళ్లొచ్చు.

హైదరాబాద్ నుంచి కొలంబోకు నేరుగా విమానాలున్నాయి, లేదంటే చెన్నై మీదుగా. వీసా నియమాలు తరచూ మారుతుంటాయి కాబట్టి టికెట్ కొనే ముందు శ్రీలంక ప్రభుత్వ ఈటీఏ (ఆన్‌లైన్ ప్రయాణ అనుమతి) వెబ్‌సైట్ చూసుకోండి. ఏజెంట్ మాట మీద వదిలేయొద్దు. పున్నమి రోజుల్ని వాళ్లు పోయ అంటారు. ఆ రోజు ప్రభుత్వ సెలవు, మద్యం అమ్మరు, గుడులూ కొండలూ జనంతో నిండిపోతాయి. క్యాలెండర్‌లో ఆ తేదీలు ముందే గుర్తు పెట్టుకోండి.

ఇంకొక మాట. 2025 నవంబరు చివర్లో దిత్వా తుఫాను వచ్చినప్పుడు కొండ ప్రాంతాల్లో ఊళ్లకు ఊళ్లే దెబ్బతిన్నాయి. కొండచరియలు విరిగిపడి రోడ్లు, రైలు పట్టాలు పోయాయి. కాబట్టి రైలు ఏ స్టేషన్ నుంచి ఏ స్టేషన్ దాకా నడుస్తోందో, మీరు అనుకున్న కాలిబాట తెరిచారో లేదో బస చేసేచోటికి ఫోన్ చేసి కనుక్కోండి. అక్కడ ఎన్‌బీఆర్‌వో అనే ప్రభుత్వ సంస్థ కొండచరియల హెచ్చరికలు పసుపు, నారింజ, ఎరుపు స్థాయుల్లో ఇస్తుంది. మీరుండే జిల్లాకు హెచ్చరిక ఉంటే ఆ రోజు నడక మానేయడమే.

3. ఒంటిని, సంచిని సిద్ధం చేయడం

నెల ముందు నుంచి మెట్లు ఎక్కి దిగండి. ఎక్కడం ఊపిరి పని, దిగడం మోకాళ్ల పని. మనవాళ్లు మొదటిదే చూసుకుంటారు. అలిపిరి మెట్లు 3,550. శ్రీపాదకు నల్లతణ్ణి నుంచి ఎక్కే హాటన్ వైపు దారిలో 5,500కు పైనే. పైగా ఆ మెట్లు ఒకే కొలతలో ఉండవు. కొన్ని జానెడు ఎత్తు, కొన్ని మోకాలంత. అపార్ట్‌మెంట్ మెట్లు రోజూ ఇరవై నిమిషాలు దిగితే చాలా తేడా తెలుస్తుంది.

సంచిలో తప్పనిసరిగా ఉండాల్సినవి: తలకు కట్టుకునే టార్చ్, వాన కోటు, ఉన్ని టోపీ, మందపాటి సాక్సులు రెండు జతలు, ముందే రెండు మూడు వారాలు వేసుకుని అలవాటు చేసుకున్న షూ, మళ్లీ నింపుకునే నీళ్ల సీసా. ఉష్ణ దేశమే కదా అని స్వెటర్ ఇంట్లో వదిలేస్తారు. హార్టన్ ప్లెయిన్స్ రెండు వేల మీటర్ల పైన ఉంది. జనవరి, ఫిబ్రవరి రాత్రుల్లో గడ్డి మీద మంచు గడ్డకట్టే రోజులూ ఉంటాయి. జీన్స్ వద్దు. తడిస్తే ఆరదు, నడిస్తే ఒరుస్తుంది.

డబ్బు సంగతి. మన రూపాయికి వాళ్ల రూపాయలు మూడుకు పైగా వస్తాయి. 2024 ఫిబ్రవరి నుంచి అక్కడ యూపీఐ మొదలైంది, కానీ కొండ దారిలో టీ కొట్టు దగ్గర నోట్లే కావాలి. మనలాంటి సార్క్ దేశాల వాళ్లకు కొన్నిచోట్ల టికెట్ ధర తక్కువ. పాస్‌పోర్ట్ చూపించి అడగండి, అడక్కుండా ఎవరూ ఇవ్వరు.

శాకాహారులకు ఒక జాగ్రత్త. కొబ్బరి సంబల్ మన కొబ్బరి పచ్చడిలానే కనిపిస్తుంది, కానీ చాలాచోట్ల అందులో ఉంబలకడ అనే ఎండు చేప పొడి కలుపుతారు. ఆ పేరు గుర్తుపెట్టుకుని, అది లేకుండా కావాలని చెప్పండి. అన్నం, పప్పు, రెండు మూడు కూరలు మాత్రం ఏ ఊళ్లోనైనా దొరుకుతాయి. టీ ఎస్టేట్లలో తమిళం మాట్లాడతారు కాబట్టి రెండు ముక్కల తమిళం వచ్చినా దారి అడగడం, భోజనం చెప్పడం సులువవుతుంది.

ఫోన్‌లో మూడు నంబర్లు పెట్టుకోండి. అంబులెన్స్ 1990, పోలీసు 119, విపత్తు సహాయం 117. ఆ 1990కి మనతో చుట్టరికం ఉంది. హైదరాబాద్‌లో పుట్టిన మన 108 అంబులెన్స్ నమూనాలోనే, భారత ప్రభుత్వ సాయంతో 2016లో 'సువ సెరియ' పేరుతో అక్కడ మొదలైంది. ఉచితం.

4. శ్రీపాద: రాత్రి రెండుకు బయల్దేరే కొండ

ఎత్తు 2,243 మీటర్లు. పైన ఉన్న పాదముద్ర బౌద్ధులకు బుద్ధుడిది, హిందువులకు శివుడిది, ముస్లింలకు, క్రైస్తవుల్లో కొందరికి ఆదాముది. యాత్రా కాలం డిసెంబరు పున్నమి నుంచి మేలో వచ్చే వెసాక్ పున్నమి దాకా. ఆ నెలల్లో దారంతా దీపాలుంటాయి, టీ కొట్లుంటాయి. మిగతా నెలల్లో దీపాలు ఉండవు, గాలివాన విపరీతం. కొండను కాచే సమన్ దేవుడి విగ్రహాన్ని కూడా కిందికి పెల్మడుల్లకు తీసుకెళ్లిపోతారు. ఆ కాలంలో ఎక్కొద్దనే నా సలహా.

వారం మధ్యలో, పోయ కాని రోజు ఎంచుకోండి. సెలవు రోజుల్లో పై మెట్ల మీద గంటల తరబడి కదలకుండా నిలబడాల్సి వస్తుంది. సాయంత్రం ఏడింటికే అన్నం తిని పడుకోండి. ఒంటిగంటన్నరకు లేచి, రెండింటికి నల్లతణ్ణి వదిలితే, మెల్లగా నడిచినా అయిదున్నరకు పైన ఉంటారు. మరీ ముందు వెళ్తే చెమటతో తడిసిన చొక్కాతో చలిగాలిలో గంటసేపు వణకాలి. పొడి బనీను ఒకటి సంచిలో పెట్టుకుని, పైకి చేరే ముందు ఉన్న చివరి టీ కొట్టులో మార్చుకోండి.

దారిలో సీత గంగుల అనే ఏరు వస్తుంది, భక్తులు అక్కడ ముఖం కడుక్కుంటారు. ఇంకా పైన ఒకచోట మొదటిసారి ఎక్కేవాళ్లు సూదికి దారం ఎక్కించి, గుచ్చి, దారం వదులుకుంటూ పైకి వెళ్తారు. టార్చ్ వెలుగులో ఆ తెల్లని దారాలు కంచె పొడవునా వందలుగా అల్లుకుని, మంచు బొట్లతో మెరుస్తుంటాయి. దిగి వచ్చేవాళ్లు ఎదురుపడితే "కరుణావై" అని దీవిస్తారు. మీరూ అదే అనండి. ఎనభై ఏళ్ల అవ్వను ఇద్దరు మనవలు చెరో రెక్కా పట్టుకుని ఎక్కిస్తుంటే, ఆమె ప్రతి అయిదు మెట్లకూ ఆగి నాలాంటి వాళ్లకు ఆ మాట చెబుతోంది. నేను మెట్లు లెక్కపెట్టడం అక్కడే మానేశాను.

చివరి భాగం బాగా నిటారు, పక్కన ఇనుప కమ్మీ ఉంటుంది. పైన చెప్పులు విప్పాలి, నేల మంచుముక్కలా ఉంటుంది, మందపాటి సాక్సులు అందుకే. ఎన్నిసార్లు కొండ ఎక్కారో అన్నిసార్లు గంట కొట్టడం ఆచారం.

ఇక అసలు విషయం. సూర్యుడు పైకి రాగానే అందరూ తూర్పుకే చూస్తూ ఉండిపోతారు. మీరు వెంటనే పడమటి వైపు గోడ దగ్గరికి వెళ్లండి. కొండ నీడ మబ్బుల మీద త్రికోణంలా పడి ఉంటుంది, గీత గీసినట్టు. చూస్తుండగానే దగ్గరికి జరుగుతూ, కుంచించుకుపోయి, కాసేపటికి మాయమవుతుంది. మొదటిసారి నేను తూర్పు వైపు ఫొటోలు తీసుకుంటూ దాన్ని పోగొట్టుకున్నాను.

దిగేటప్పుడు తొందర వద్దు. మోకాలు నొప్పి ఉంటే పక్కకు తిరిగి దిగండి. ఆ రోజు ఇంకే ప్రయాణమూ పెట్టుకోకండి.

5. హార్టన్ ప్లెయిన్స్: తొమ్మిదిలోపే

ఇక్కడ చూడాల్సింది వరల్డ్స్ ఎండ్. పచ్చిక మైదానం ఉన్నట్టుండి తెగిపోయి 870 మీటర్ల లోయ అవుతుంది. ఉదయం తొమ్మిది, పది దాటితే కింద నుంచి మబ్బు లేచి తెల్లటి గోడ కట్టేస్తుంది. అలా ఒకసారి తొమ్మిదిన్నరకు చేరి, అరగంట నిలబడి, ఏమీ కనిపించక వెనక్కి వచ్చాను.

గేటు ఆరింటికి తెరుస్తారు. నువర ఎలియ నుంచి నాలుగున్నరకు బయల్దేరండి. గేటు దగ్గర సంచులు వెతికి ప్లాస్టిక్ కవర్లు, సీసాల మీది లేబుళ్లు తీసేస్తారు. టిఫిన్ స్టీలు డబ్బాలో పెట్టుకెళ్తే ఆ సమయం మిగులుతుంది. కార్లు ఆపే చోట సాంబర్ దుప్పులు మనుషుల దగ్గరికి వచ్చేస్తాయి. బిస్కెట్లు పెట్టకండి. అలవాటుపడి ప్లాస్టిక్ కూడా నమిలేస్తాయి.

నడక గుండ్రంగా తొమ్మిది కిలోమీటర్లు, మూడు గంటలు. దారి చీలే దగ్గర ముందు వరల్డ్స్ ఎండ్ వైపే వెళ్లండి. బేకర్స్ జలపాతం తిరుగు దారిలో చూడొచ్చు, దానికి మబ్బుతో పనిలేదు. అంచు దగ్గర సెల్ఫీ కోసం ముందుకు వంగొద్దు, తడి రాయి జారుతుంది.

6. ఎల్ల, టీ తోటలు

ఎల్ల అంటే సింహళంలో జలపాతం. ఊరు ఇప్పుడు కాఫీ షాపులతో, జనంతో కిటకిటలాడుతోంది. నాకు అక్కడ ఒక రాత్రి చాలు. లిటిల్ ఆడమ్స్ పీక్ పిల్లలతో కూడా ఎక్కొచ్చు. ఎల్ల రాక్‌కు నాలుగు గంటలు పెట్టుకోండి, దారి కొంత రైలు పట్టాల పక్కనే వెళ్తుంది. పట్టాల మీద నడుస్తూ ఫోన్ చూడొద్దు, వంపుల్లో రైలు దగ్గరికొచ్చేదాకా కనిపించదు.

ఇంకా రెండు రోజులుంటే పెకో ట్రెయిల్‌లో ఒకటి రెండు భాగాలు నడవండి. కాండీ దగ్గర హంతాన నుంచి నువర ఎలియ దాకా 300 కిలోమీటర్లకు పైగా, 22 భాగాలుగా, బ్రిటిష్ కాలంలో తేయాకు మోసిన దారుల్ని కలిపి చేసిన కాలిబాట ఇది. ఏ భాగానికి ఆ భాగం ఒక్క రోజులో అయిపోతుంది. తోటల్లో ఆకు కోసే ఆడవాళ్ల ఫొటో తీసే ముందు అడగండి. వాళ్లు పనిలో ఉన్నారు, రోజు కూలి తూకం మీద నడుస్తుంది.

7. సింహరాజ: జలగలతో సహా

1988లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరిన వానడవి. ఇక్కడి చెట్లలో 60 శాతానికి పైగా ప్రపంచంలో ఇంకెక్కడా లేవు. గైడ్ లేకుండా లోపలికి పంపరు, పంపినా వెళ్లొద్దు. ఆ ఆకుల గుబురులో పచ్చపాము కొమ్మలా ఉంటుంది. గైడ్ వేలు పెట్టి చూపించాక కూడా నాకు కనిపించడానికి నిమిషం పట్టింది.

జలగల గురించి టెన్షన్ పడి చాలామంది మానేస్తారు, అది అన్యాయం. ఇవి నేల మీది జలగలు, అగ్గిపుల్లలో సగం ఉంటాయి. ఆకు అంచున నిలబడి, తల గాల్లో తిప్పుతూ మన ఊపిరినీ వేడినీ పసిగడతాయి. షూ మీద పడ్డాక ముందు ఒక కొస, వెనక ఇంకో కొస అతికించుకుంటూ, జానతో గుడ్డ కొలిచినట్టు పైకి ఎక్కుతాయి. కుట్టినట్టు తెలియదు. సాక్సు తడిగా అనిపించి చూస్తే రక్తం. ప్రమాదం లేదు, కానీ కాసేపు ఆగకుండా కారుతుంది, ఎందుకంటే గడ్డకట్టనివ్వని పదార్థం దాని నోట్లో ఉంది.

చేయాల్సింది ఇది. మోకాలి దాకా వచ్చే లీచ్ సాక్స్ కొనండి, దెనియాయలోనే దొరుకుతాయి. ప్యాంటు దాని లోపలికి తోసి కట్టండి. ఒకేచోట నిలబడకండి. పట్టుకుంటే లాగొద్దు. సన్నని కొస దగ్గర గోరు చర్మానికి ఆనించి పక్కకు తోస్తే వదిలేస్తుంది. ఉప్పు, నిప్పు పెడితే అది కక్కుతుంది, గాయంలోకి మలినం పోతుంది. సబ్బుతో కడిగి, దూది ఒత్తి, ప్లాస్టర్ వేస్తే చాలు.

ఈ అడవిలో పిట్టలు ఒక్కొక్కటిగా కాదు, జాతులన్నీ కలిసి ఒకే గుంపుగా తిరుగుతాయి. పావుగంట నిశ్శబ్దం, ఉన్నట్టుండి తల మీద చెట్టంతా అరుపులు. ఏట్రింత (డ్రోంగో) జాతి పిట్ట కాపలా కాస్తుంటే మిగతావి పురుగులు ఏరుకుంటాయి. అందులో నీలి ఒళ్లు, ఇటుక రంగు తల, ఎర్రని ముక్కుతో ఒకటి కనిపిస్తే అది శ్రీలంక బ్లూ మ్యాగ్‌పై. గుంపు వచ్చినప్పుడు కదలకుండా నిలబడండి. జలగల్ని కాసేపు మర్చిపోవాల్సిందే.

8. ఏనుగులు, చిరుతలు

ఉడవలవెలో ఏడాదంతా ఏనుగులు కనిపిస్తాయి. చిరుత కోసం అందరూ యాల జాతీయ పార్కుకు పరుగెత్తుతారు. అక్కడ నాకు బాధ కలిగించిన దృశ్యం చెబుతాను. చిరుత కనిపించిందని ఫోన్ రాగానే ఎటు చూసినా జీపులు, దుమ్ము, ఇంజిన్ల మోత. చెట్టు మీది చిరుత దిగడానికి దారి లేక కొమ్మ మీదే కూర్చుండిపోయింది. మేమూ ఆ జీపుల్లో ఒకరం. అప్పటి నుంచి డ్రైవర్‌కు ముందే చెబుతున్నాను: "చిరుత కనబడకపోయినా ఫర్వాలేదు, వెంటపడొద్దు. టిప్పు ఎలాగూ ఇస్తాను." ఈ చివరి మాట చెబితేనే వాళ్లకు ఊరట, వాళ్ల సంపాదన దాని మీదే ఉంది. చిరుతే కావాలంటే, సమయముంటే, వాయవ్యంలో విల్లు అనే సహజ చెరువులున్న విల్పత్తుకు వెళ్లండి, జీపులు పలచగా ఉంటాయి.

బుత్తల నుంచి కతరగామ వెళ్లే రోడ్డు మీద ఏనుగులు బండ్లను ఆపి తిండి అడుగుతాయి. అద్దాలు మూసుకోండి, అరటిపండు ఇవ్వకండి, దిగకండి. రోడ్డు మీద తినడం నేర్చిన ఏనుగు చివరికి బండి గుద్దుకుని చావడమో, మనిషిని చంపడమో జరుగుతుంది.

9. మిరిస్స సముద్రం

దక్షిణ కొస దగ్గర తీరానికి కాస్త దూరంలోనే సముద్రం ఒక్కసారిగా లోతవుతుంది. అందుకే డిసెంబరు నుంచి ఏప్రిల్ దాకా నీలి తిమింగలాలు ఒడ్డుకు ఇంత దగ్గరగా తిరుగుతాయి. పడవలు ఉదయం ఆరున్నర ప్రాంతంలో బయల్దేరతాయి. వాంతుల మాత్ర పడవ ఎక్కే గంట ముందే వేసుకోవాలి, ఎక్కాక వేసుకుంటే పనిచేయదు. రెండు ఇడియప్పాలో, బన్నో తినండి. ఖాళీ కడుపు ఇంకా కష్టం. వెనక వైపు, కింది అంతస్తులో కూర్చుంటే ఊపు తక్కువ.

పడవ బుక్ చేసే ముందు ఒకటే ప్రశ్న అడగండి: తిమింగలానికి ఎంత దూరంలో ఆపుతారు? వంద మీటర్లు నియమం. "దగ్గరికి తీసుకెళ్తాం, తాకొచ్చు" అనే వాళ్లను వదిలేయండి. దూరం నుంచే చాలు. ముందు ఒక చప్పుడు, పెద్ద బస్సు బ్రేకు గాలి వదిలినట్టు. తర్వాత రెండంతస్తుల ఎత్తున నీటి తుంపర. ఆ తర్వాత బూడిద నీలం వీపు జారుతూ, జారుతూ, ఇంకా అయిపోదు.

ఒడ్డున ఈతకు దిగితే ఎర్ర జెండా ఉన్నచోట వద్దు. నీరు లోపలికి లాగేస్తే ఒడ్డు వైపు ఈదుతూ అలసిపోకుండా, ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది, లాగుడు తగ్గాక బయటికి రండి. తాబేలు దగ్గరికొస్తే తాకకండి, ఆకు కూడా పెట్టకండి.

పడవ ఎక్కిన రోజు రాత్రి విమానం పెట్టుకోకండి. గాలి ఎక్కువుంటే పడవలు మర్నాటికి వాయిదా పడతాయి. ఒక రోజు చేతిలో ఉంచుకుంటే ఆ మర్నాడు మీదే.